చీనా సరకులు - పాశ్చాత్యుల పరాధీనత

సంధి విగ్రహములను రాజులు నడుపుదురు. వర్తకమును మాత్రము వంటయిల్లు నడుపును. ఒక దేశపు గృహిణి ప్రతిదినము చేతికి తీసికొను వస్తువు ఎచ్చట తయారైనదో విచారింపదు. నాణ్యముగా నుండి, వెల అందుబాటులో నున్నచో ఆమెకు చాలును. ఇట్లు ఒకటి రెండు తరములు గడచిన పిమ్మట, అమ్మిన దేశమునకును కొన్న దేశమునకును మనస్పర్థ కలిగినప్పుడు, ఆ వస్తువు లేనిదే ఇల్లు గడవదని అకస్మాత్తుగా తెలియవచ్చును. అమెరికా, ఐరోపా దేశములు నేడు చీనా సరకుల విషయమున ఎదుర్కొనుచున్న చిక్కు ఇట్టిదే. ఇది అపూర్వమని పలువురు తలచుచున్నారు. చరిత్రను పరికించిన వారికి మాత్రము ఇది నాల్గవ పర్యాయముగా తోచును. పట్టు, పింగాణి, తేయాకు అను మూడు కథలు ముగిసిన తరువాత నాల్గవ కథ నేడు నడచుచున్నది. మొదటి మూడును ఎట్లు ముగిసినవో తెలిసికొన్నచో నాల్గవ దానిని గూర్చి కొంత వివేకముతో ఆలోచింపవచ్చును.

చీనా నేత మన పూర్వులకును తెలియనిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున చీనపట్టము పేర్కొనబడినది. శ్రీనాథ మహాకవి తన హరవిలాసమును సముద్రవ్యాపారియైన అవచి తిప్పయ్యసెట్టికి అంకితమొసగుచు, ఆ వర్తకులు దేశదేశముల నుండి తెప్పించిన వస్తువులలో చీనాంబరములను చేర్చెను. మేలైన వస్త్రములకు చీనిచీనాంబరములను మాట తెలుగున నిలిచిపోయినది. అయితే మన నేతగాండ్రే నానాదేశములకు వస్త్రములను పంపుచుండిరి గనుక ఈ కొనుగోలు మనకు భారము కాలేదు. రోము సామ్రాజ్యపు స్థితి వేరు. పట్టునకు బదులుగా తూర్పు దేశములు కోరదగిన వస్తువు రోమునొద్ద విశేషముగా లేకపోయెను. క్రీ.శ. 16వ సంవత్సరమున టైబీరియసు చక్రవర్తి కాలములో పురుషులు పట్టు ధరింపరాదని సెనేటు శాసించెను. భారతదేశము, చీనా, అరేబియా కలిసి ఏటేట పదికోట్ల సెస్టర్సుల ధనమును రోము నుండి లాగుకొనుచున్నవని అదే శతాబ్దమున ప్లినీ వాపోయెను. శాసనము పుస్తకములలో నిలిచెను. పట్టు వీధులలో నిలిచెను. తుదకు సుమారు 552లో, జస్టీనియను చక్రవర్తి కాలమున, కొందరు సన్న్యాసులు పట్టుపురుగుల గ్రుడ్లను రహస్యముగా కాన్‌స్టాంటినోపిలునకు చేర్చిరి. అప్పటి నుండి పట్టును పండించు విద్య పశ్చిమమున వేళ్లూనెను. సెనేటు శాసనమునకును ఈ గ్రుడ్లకును నడుమ అయిదు వందల యేండ్లకు పైగా గడచెను.

పింగాణి కథ ఇంతకంటె హ్రస్వమైనది. పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున ఐరోపా ప్రభువులకు చీనా పింగాణిపై గల మోహమునకు మేర లేకుండెను. శాక్సనీ ప్రభువు అగస్టసు, జోహాన్ బాట్గర్ అను రసవాదిని నిర్బంధమున నుంచి ప్రయోగములు చేయించెను. 1708లో రహస్యము దొరకెను. 1710లో మైసెను పట్టణమున కర్మాగారము వెలసెను. జింగ్‌డెజెన్ నగరమున నున్న ఫ్రెంచి జెసూటు మతాచార్యుడు దాంత్రెకోల్ 1712, 1722 సంవత్సరములలో వ్రాసిన లేఖలు చీనా కుమ్మరుల పనితీరును ఐరోపాకు తెలియజేసెను. అయినను కర్మాగారము వెలసిన ఏడేండ్లకు, అనగా 1717లో, అదే అగస్టసు ప్రష్యా రాజు నుండి 151 చీనా పింగాణి పాత్రలను పొంది, వానికి బదులుగా 600 మంది సైనికులను అప్పగించెను. విద్య చేతికి వచ్చినను మోజు తీరుటకు మరికొంత కాలము పట్టునని దీనివలన తేటపడుచున్నది.

ఈ రెండును సంపన్నుల విలాసములు. తేయాకు అట్టిది కాదు. అది సామాన్యుని గృహమున ప్రవేశించినది గనుకనే దాని కథ రాజ్యములను కదలించెను. 1662లో రెండవ ఛార్లెసును వివాహమాడిన పోర్చుగీసు రాకుమారి కాథరీను ఇంగ్లండు రాజసభలో తేయాకును ప్రచారమునకు తెచ్చెను. నూరేండ్లు గడచునప్పటికి అది గనులలో, మగ్గములపై పని చేయువారి పానీయమైనది. కరీబియన్ దీవులలో బానిసల శ్రమతో పండిన చక్కెర దానికి తోడయ్యెను. తేయాకుపై సుంకము అత్యధికముగా నుండుటచే దొంగ రవాణా ప్రబలెను. 1784లో పార్లమెంటు ఆ సుంకమును నూటికి 119 నుండి పన్నెండున్నరకు తగ్గింపగా, దొంగ రవాణా సన్నగిల్లి న్యాయమైన దిగుమతి పెరిగెను. పందొమ్మిదవ శతాబ్ది మొదటి భాగమున బ్రిటిషు ప్రభుత్వపు రాబడిలో సుమారు పదవ వంతు తేయాకు సుంకము నుండియే వచ్చుచుండెను. అనగా ప్రజలకు తేనీరు ఎంత అవసరమో, నౌకాదళమును పోషించు ప్రభుత్వమునకును అంత అవసరమయ్యెను. 1773 డిసెంబరు 16న బోస్టను రేవులో అమెరికా వలసవాసులు సముద్రమున పారవైచిన 342 పెట్టెల తేయాకు కూడ చీనాలో పండినదే. అమెరికా స్వాతంత్ర్య సమరమునకు నాందియైన ఘట్టమున సైతము చీనా సరకు పాత్ర వహించినది.

ఈ తేయాకు అంతయు ఒకే రేవు నుండి వచ్చుచుండెను. 1757లో చియన్‌లుంగ్ చక్రవర్తి పాశ్చాత్యుల వర్తకమును కాంటన్ నగరమునకు పరిమితము చేసెను. హాంగ్ వర్తకులని పేరొందిన కొద్దిమంది ద్వారానే విదేశీయులు క్రయవిక్రయములు సాగింపవలెను. వర్తక ఋతువు ముగియగానే కాంటన్ విడువవలెను. స్త్రీలను వెంట తీసికొని రాగూడదు. ఈ నిర్బంధములను సడలింపుమని వేడుటకు 1793లో మకార్ట్నీ ప్రభువు రాయబారియై పోయి, ఇంగ్లండు పరిశ్రమల నైపుణ్యమును చాటు యంత్రములను కానుకగా సమర్పించెను. తన సామ్రాజ్యమున సమస్తము సమృద్ధిగా కలదనియు, విదేశ వస్తువుల అక్కర తనకు లేదనియు చక్రవర్తి ప్రత్యుత్తరమిచ్చెను. ఆ మాటలో గర్వము కలదు. కొంత సత్యమును కలదు. ఇంగ్లండు ఉన్ని చీనాలో అమ్ముడుపోదు. చీనా తేయాకు ఇంగ్లండులో అమ్ముడుపోవును. మిగిలిన బాకీని వెండితో తీర్పవలసివచ్చెను.

వెండికి బదులు దొరకిన వస్తువు నల్లమందు. ఇచ్చటనే ఈ కథలో భారతదేశము ప్రవేశించును. 1773లో వారన్ హేస్టింగ్సు బంగాళా నల్లమందుపై కంపెనీ గుత్తాధిపత్యమును స్థాపించెను. బీహారు, కాశీ ప్రాంతముల రైతులు కంపెనీ నుండి బయానా తీసికొని గసగసాల పైరు వేయవలెను. కారిన పాలను కంపెనీ నిర్ణయించిన వెలకే అప్పగింపవలెను. పాట్నా, ఘాజీపూరు కర్మాగారములలో దానిని ఉండలుగా చేసి, పెట్టెలలో కూర్చి, కలకత్తాలో వేలము వేయుచుండిరి. చీనాలో నల్లమందు నిషిద్ధము గనుక కంపెనీ తన ఓడలలో దానిని ఎక్కింపలేదు. వేలములో కొన్న స్వతంత్ర వర్తకులు దానిని చీనా తీరమునకు చేర్చి, దొంగ రవాణాదారులకు అమ్మి, వచ్చిన వెండిని కాంటనులోని కంపెనీ ఖజానాకు కట్టి, లండనులో చెల్లు హుండీలు పుచ్చుకొనుచుండిరి. ఆ వెండితోనే కంపెనీ తేయాకు కొనుచుండెను. చేతికి మసి అంటకుండ పొయ్యి వెలిగించిన నేర్పు ఇది. 1820 ప్రాంతమున ఏటికి నాలుగైదు వేల పెట్టెలుగా నున్న ఈ సరకు 1838-39 నాటికి సుమారు నలుబది వేల పెట్టెలకు పెరిగెను. వెండి ప్రవాహము వెనుకకు తిరిగెను. చీనా ప్రజలలో లక్షలమంది వ్యసనగ్రస్తులైరి.

1839 మార్చిలో లిన్ జెషూ అను అధికారి ఈ విషమును తొలగించుటకై కాంటనునకు వచ్చెను. నిష్కళంకుడని పేరొందిన ఈ రాజోద్యోగి విదేశ వర్తకుల నుండి ఇరువది వేలకు పైగా పెట్టెలను స్వాధీనము చేసికొని, జూను మాసమున హూమెన్ సముద్రతీరమున గోతులు త్రవ్వించి, సున్నము, ఉప్పు కలిపి కరగించి సముద్రములోనికి వదలించెను. విక్టోరియా రాణికి ఆయన ఒక లేఖయు రచించెను. చీనా తేయాకు, రేవలచిన్ని లేనిదే విదేశీయులు బ్రదుకజాలరనియు, అయినను చీనా దయతో వానిని అమ్ముచున్నదనియు, అట్టివారు బదులుగా విషమును పంపుట ఎట్టి న్యాయమనియు ఆయన వాదము. ఆ లేఖలోని ధర్మము అకాట్యము. అందలి లెక్క మాత్రము తప్పినది. కొనువాడు అమ్మువానిపై ఆధారపడినట్లే అమ్మువాడును కొనువానిపై ఆధారపడును. ఫూజియన్ కొండల రైతు, మూటలు మోయు కూలీ, హాంగ్ వర్తకుడు, సుంకముపై ఆధారపడిన కాంటన్ ఖజానా - వీరందరికిని తేయాకు అమ్ముడుపోవలసిన అవసరము కలదు.

తరువాత జరిగిన విచిత్రము నేటివారు గమనింపదగినది. బ్రిటిషు ప్రతినిధి ఎలియట్ తన వర్తకులను కాంటన్ విడువుమని ఆదేశించెను. అమెరికా వర్తకులు మాత్రము అచ్చటనే నిలిచిరి. వారు బ్రిటిషువారి సరకును లోపలికి చేర్చుచు, తేయాకును వెలుపల వేచియున్న బ్రిటిషు ఓడలకు అందించుచు, ఆ కొద్ది దూరమునకే గొప్ప కిరాయిలు పుచ్చుకొనిరి. 1841లో యుద్ధము సాగుచుండగనే కాంటనులో తేయాకు వర్తకము తిరిగి నడచెను. ఫిరంగులు ప్రేలుచున్నను లండను తేనీటి కుండ ఆరలేదు. 1842 ఆగస్టు 29న నాన్‌కింగ్ సంధి జరిగెను. చీనా హాంకాంగును కోల్పోయి, అయిదు రేవులను తెరచి, రెండుకోట్ల పది లక్షల డాలర్ల పరిహారమును చెల్లించెను. ఒక దేశపు తేనీటి అలవాటు మరొక దేశమునకు శతాబ్దకాలపు అవమానముగా పరిణమించినది. చీనా పాలకులు నేటికిని ఆ అవమానమును మరువక స్మరించుచున్నారు.

యుద్ధము వలన రేవులు తెరవబడినవి గాని తేయాకు కొరకు చీనాపై ఆధారపడుట తగ్గలేదు. దానిని తగ్గించినది అస్సాము కొండలలో మొలచిన మొక్క. 1823లో రాబర్టు బ్రూసునకు అచ్చటి తేయాకు జాడను తెలిపినవాడు మణిరామ్ దివాన్ అని ప్రసిద్ధి. 1834లో బెంటింకు ప్రభువు తేయాకు సంఘమును నియమించెను. 1839 జనవరిలో ఎనిమిది పెట్టెల అస్సాము తేయాకు లండనులో వేలము వేయబడెను. లిన్ జెషూ కాంటనునకు వచ్చిన సంవత్సరమే ఇది. 1848 మొదలు రాబర్టు ఫార్చ్యూను అను వృక్షశాస్త్రజ్ఞుడు చీనా లోపలి జిల్లాలలో వేషము మార్చి సంచరించి, వేలకొలది మొక్కలను, తేయాకు చేయు పనివాండ్రను హిమాలయ ప్రాంతపు తోటలకు చేర్చెను. ఇట్లు మొక్క, నేల, పనితనము, యంత్రము ఒకచోట కూడుకొనుటకు అర్ధశతాబ్దము పట్టెను. బ్రిటనుకు దిగుమతియగు తేయాకులో భారతదేశపు భాగము చీనా భాగమును మించినది 1888లో మాత్రమే.

ఈ విజయమునకు వెల ఎవరు చెల్లించిరో చెప్పకుండ ఈ కథను విడువరాదు. తోటలలో తానును తేయాకు నాటిన మణిరామ్ దివాన్ 1857 సమరమునందు పాల్గొన్నాడను నేరముపై 1858లో ఉరితీయబడెను. కఠినమైన కూలి ఒడంబడికలకు లోబడి వేలాది కుటుంబములు ఛోటానాగపూరు నుండి అస్సామునకు తరలిపోయెను. గంజాము, విశాఖపట్టణము జిల్లాల నుండియు పలువురు పోయిరి. వారి సంతతివారు నేటికిని అచ్చటి తోటలలో తెలుగు మాటాడుచున్నారు. చీనా తేయాకు ఎగుమతి 1880ల తరువాత క్షీణింపగా ఫూజియన్ కొండల రైతులు జీవనాధారమును కోల్పోయిరి. లండనులో మాత్రము తేయాకు చౌక అయ్యెను.

ఇక నాల్గవ కథ. 1950 డిసెంబరులో, కొరియా యుద్ధ సందర్భమున, అమెరికా చీనాతో వర్తకమును నిషేధించెను. ఇరువది యేండ్లకు పైగా అమెరికా గృహములలో చీనా సరకు లేకుండెను. అది లేనందున ఎవ్వరును బాధపడలేదు. కనుక నేటి పరాధీనత అనాదియైనది కాదు. మన కన్నుల ఎదుట పెరిగినది. 1972 ఫిబ్రవరిలో నిక్సను పెకింగు పర్యటించెను. 1978 డిసెంబరులో డెంగ్ సియావోపింగ్ నాయకత్వమున ఆర్థిక సంస్కరణలు ఆరంభమయ్యెను. 1980లో షెన్‌జెన్ మొదలగు నాలుగు ప్రత్యేక మండలములు ఏర్పడెను. గ్రామములను విడిచి వచ్చిన కోట్లమంది యువతీయువకులు తీరప్రాంతపు కర్మాగారములలో చేరిరి. సరకును ఉక్కు పెట్టెలలో మూసి ఓడపై నెక్కించు కంటైనరు పద్ధతి, 1956లో అమెరికాలోనే మొదలైనది, రవాణా ఖర్చును విపరీతముగా తగ్గించెను. 2001 డిసెంబరు 11న చీనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరెను. 2009 నాటికి ఎగుమతులలో జర్మనీని మించి ప్రథమ స్థానమును పొందెను.

కూలి చౌక యగుటయే దీనికి కారణమని తలచుట పొరపాటు. కూలి అంతకంటె చౌకయైన దేశములు పెక్కు కలవు. ఒక బొమ్మకు కావలసిన మర, రంగు, గుడ్డ, అట్టపెట్టె, మోటారు - ఇవన్నియు కొద్ది క్రోసుల లోపల దొరకునట్లు పట్టణములకు పట్టణములే ఒక్కొక్క వృత్తికి అలవడుట చీనా విశేషము. క్రైస్తవుల క్రిస్మసు పండుగ అలంకారములలో పెద్ద భాగము జెజియాంగ్ రాష్ట్రమందలి యీవూ పట్టణమున తయారగుచున్నది. చీనా సరకు లేకుండ ఒక సంవత్సరము గడపుదమని సారా బాంజోర్ని అను అమెరికా పత్రికారచయిత్రి కుటుంబము 2005లో సంకల్పించి, ఆ అనుభవమును 2007లో గ్రంథముగా ప్రకటించెను. పిల్లవాని పాదరక్షలు కొనుటయు, చెడిపోయిన వంటింటి యంత్రమునకు బదులు మరియొకటి సంపాదించుటయు ఆ గృహమునకు పరీక్షలైనవి. సంవత్సరము గడచెను గాని అది సులభముగాను గడవలేదు, చౌకగాను గడవలేదు.

ఇంతలో రాజకీయ వైమనస్యము ముదిరెను. 2018 జూలైలో అమెరికా 3,400 కోట్ల డాలర్ల విలువగల చీనా సరకుపై నూటికి 25 వంతున సుంకము విధించెను. సెప్టెంబరులో మరి 20,000 కోట్ల డాలర్ల సరకునకు సుంకమును విస్తరింపజేసెను. ఆ సుంకమును రేవులో కట్టునది చీనా కాదు, అమెరికా దిగుమతిదారు. దుకాణమున దానిని తుదకు మోయునది కొనుగోలుదారు. చీనా ప్రతీకారముగా అమెరికా సోయాచిక్కుడుపై సుంకము వేసి బ్రెజిలు వైపు తిరుగగా, అమెరికా ప్రభుత్వము తన రైతులకు పరిహారమీయవలసివచ్చెను. ఇన్ని జరిగినను 2018లో సుమారు 53,900 కోట్ల డాలర్లుగా నున్న చీనా దిగుమతి 2022లో మరల ఆ స్థాయికి చేరువయ్యెను. 2023లో అది సుమారు 42,700 కోట్లకు తగ్గి, మెక్సికో అగ్రస్థానమునకు వచ్చెను. వియత్నాము సరకును విశేషముగా పెరిగెను. కాని వియత్నాములో కూర్చబడిన యంత్రమును విప్పి చూచినచో లోపలి భాగములలో అనేకము చీనావియే. 1839లో కాంటను నది ముఖమున అమెరికా వర్తకులు చేసిన పనినే నేడు ఈ దేశములు చేయుచున్నవి. సరకు దారి మార్చుకొన్నది గాని పుట్టినిల్లు మార్చుకొనలేదు.

ఈ పోరు 2025లో పరాకాష్ఠకు చేరెను. ఏప్రిలులో అమెరికా సుంకము నూటికి 145 వరకును, చీనా సుంకము 125 వరకును పోయెను. అదే నెలలో చీనా ఏడు విధములైన అరుదైన లోహముల ఎగుమతికి అనుమతి పత్రములు కావలెనని ఆజ్ఞాపించెను. రేర్ ఎర్త్ అని వ్యవహరింపబడు ఈ లోహములు పదునేడు. మోటారు కారునందలి చిన్న అయస్కాంతము మొదలు యుద్ధవిమానము వరకు ఇవి లేనిదే సాగవు. కొన్ని వారములలోనే పాశ్చాత్య దేశములందు కొన్ని మోటారు కర్మాగారములు తాత్కాలికముగా పని ఆపవలసివచ్చెను. మే నెలలో ఉభయులును సుంకములను బాగుగా తగ్గించుకొనిరి. అక్టోబరు 30న బుసాన్ నగరమున ఇరుదేశాధినేతలు కలిసికొని తాత్కాలిక సమాధానమునకు వచ్చిరి.

ఈ లోహముల వృత్తాంతము మిక్కిలి బోధకమైనది. కాలిఫోర్నియా యందలి మౌంటెన్ పాస్ గని ఒకప్పుడు ప్రపంచమునకు వీనిని సరఫరా చేసిన ముఖ్యస్థానము. చీనా లోహము చౌకగా దొరకుటవలనను, కాలుష్యపు చిక్కులవలనను అది 2002లో మూతపడెను. 2010లో జపానుతో సముద్ర వివాదము కలిగినప్పుడు చీనా ఎగుమతి నిలుపుట చూచి పాశ్చాత్యులు ఉలికిపడి గనిని మరల తెరచిరి. 2015లో దానిని నడపిన సంస్థ దివాలా తీసెను. మరియొక సంస్థ దానిని తిరిగి నడపినను, త్రవ్విన ఖనిజమును శుద్ధి కొరకు కొన్నేండ్లు చీనాకే పంపవలసివచ్చెను. భూమిలో ఖనిజము లేక కాదు. దానిని వేరుపరచు విద్య, పనివారు, యంత్రములు ఒక తరములో చెదరిపోయినవి. వస్తువు పోయినచో కొనవచ్చును. పనితనము పోయినచో మరల నేర్చుకొనవలెను.

ఔషధముల విషయమున ఈ గొలుసు మన ఇంటి గడప వరకు వచ్చుచున్నది. అమెరికా రోగి మ్రింగు మాత్రలలో అనేకము హైదరాబాదు పరిసరముల కర్మాగారములలో తయారగుచున్నవి. ఆ కర్మాగారములకు కావలసిన మూలపదార్థములలో అధికభాగము చీనా నుండి వచ్చుచున్నది. పెనిసిలిన్-జి ఒకప్పుడు భారతదేశముననే తయారగుచుండెను. చీనా ధరలకు తాళలేక ఆ కర్మాగారములు మూతపడెను. 2020లో ప్రభుత్వము ప్రోత్సాహక పథకమును ప్రకటింపగా, 2024లో కాకినాడ ప్రాంతమున పెనిసిలిన్-జి ఉత్పత్తి తిరిగి ఆరంభమయ్యెను. అరుదైన లోహముల కొరకు 1950లోనే భారత ప్రభుత్వము ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థను స్థాపించినది. 2023లో ఆ సంస్థ అయస్కాంతముల కర్మాగారము విశాఖపట్టణమున ప్రారంభమైనది. ఇవి చిన్న అడుగులే. చీనా ఉత్పత్తితో పోల్చదగినవి కావు. అయినను లండను వేలమునకు వచ్చిన మొదటి అస్సాము తేయాకు కూడ ఎనిమిది పెట్టెలే.

పరాధీనత ఏకపక్షమని తలచుట నాడు లిన్ జెషూ చేసిన పొరపాటు. నేడు ఉభయ పక్షములందును అదే పొరపాటు చేయువారు కలరు. 2008 ఆర్థిక సంక్షోభమున పాశ్చాత్యులు కొనుగోలు తగ్గింపగా చీనాలో సుమారు రెండుకోట్ల వలస కార్మికులు పని కోల్పోయి గ్రామములకు మరలిరని ఆ దేశపు అధికారులే ప్రకటించిరి. 2020లో మహమ్మారి వ్యాపింపగా ముఖముపై కట్టుకొను గుడ్డమాస్కుల కొరకు సైతము ఐరోపా, అమెరికా ఆసుపత్రులు చీనా విమానముల రాకకు ఎదురు చూచెను. ఒకరి కూలికి మరొకరి అక్కర ఆధారము. ఈ ముడిని కత్తితో కోసినచో ఇరువైపులను నెత్తురు కారును.

ఇట్టి ముడి నుండి బయటపడుటకు చరిత్రలో మూడు మార్గములు అనుసరింపబడినవి. మొదటిది శాసనము, రోము సెనేటు దానిని ప్రయోగించెను, అది విఫలమయ్యెను. రెండవది బలప్రయోగము, బ్రిటను దానిని అనుసరించి గెలిచెను గాని, ఆ గెలుపునకు బీహారు రైతు, చీనా వ్యసనగ్రస్తుడు వెల చెల్లించిరి, తేయాకు మాత్రము చీనా నుండియే వచ్చుచుండెను. మూడవది నేర్చుకొనుట. పట్టుపురుగు, మైసెను కొలిమి, అస్సాము తోట - నిజముగా ఫలించినవి ఈ మూడే. వీనిలో ఏదియు ఒక పాలకుని పదవీకాలములో ఫలింపలేదు. వీనిలోను అస్సాము కూలీ వంటి నోరులేనివారిపై పడిన భారము కలదు. సుంకపు ఆజ్ఞ ఒక ఉదయమున వెలువడవచ్చును. పనివాని చేతికి నైపుణ్యము అలవడుటకు ఇరువది ముప్పది యేండ్లు కావలెను. పాశ్చాత్యులైనను మనమైనను ఈ కాలపరిమితిని అంగీకరించి, ఆ భారము ఈ మారు ఎవరి భుజములపై పడుచున్నదో ముందుగనే విచారించి నడచుకొన్నచో, నాల్గవ కథ మొదటి మూడింటికంటె న్యాయముగా ముగియుటకు అవకాశము కలదు.